పాట క్రింద పేరు

వార్షికోత్సవమునకు రెండు దినముల ముందు కార్యాలయపు జవాను వచ్చి, "సార్, ప్రిన్సిపాల్ గారు రమ్మంటున్నారు" అన్నాడంటే, సంగతి ఏమిటో మాకు ఆ పిలుపులోనే తెలిసిపోయేది. ముఖ్య అతిథి ఎవరో అప్పుడే నిశ్చయమైనదన్నమాట. వారి పేరు వచ్చునట్లుగా ఒక స్వాగత గీతము కావలెను. పిల్లలు నేర్చుకొనుటకు గడువు ఒక్క సాయంకాలము. హార్మోనియము వాయించు అమ్మాయికి ఏ వరుస వచ్చునో ఆ వరుసలోనే మాటలు ఇమడవలెను. ఈ కళాశాల తెలుగు శాఖలో పనిచేసిన 27 సంవత్సరములలో ఇటువంటి గీతములు ఎన్ని వ్రాసినామో లెక్క పెట్టుకొనలేదు. వ్రాసిన ప్రతిసారి మనసులో కొంత చిన్నతనముగా ఉండేది. కవిత్వము తనంతట తాను పొంగవలెను గాని, కొలతలిచ్చి కుట్టించుకొనే చొక్కా వంటిది కారాదని మా అభిప్రాయము.

ఆ అభిప్రాయము వలన మేము పోగొట్టుకొన్నదేమిటో, అది తప్పని మాకు తోచినది ఎట్లో విద్యార్థి మిత్రులకు చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. మా కన్ను తెరిపించినవాడు మన దేశమువాడు కాడు, మన భాషవాడు కాడు. ఆయన ఇంగ్లండు దేశపు పాటల రచయిత, స్వరకర్త టోనీ హాచ్. అయితే ఆయన వద్దకు పోవుటకు ముందు మా ఇంటి సంగతి కొంత చెప్పక తప్పదు.

మా నాన్నగారు ఒక సర్కారు కార్యాలయములో గుమస్తా. పగలు దస్త్రములు, రాత్రి సెహ్రాలు. ఉర్దూ విభాగము చదివేవారికి సెహ్రా అంటే చెప్పనక్కరలేదు. తెలుగు పాఠకుల కొరకు చెప్పుచున్నాము: సెహ్రా అనగా పెండ్లికుమారుని నుదుటి నుండి ముఖము మీదికి వ్రేలాడే పూల తెర. ఆ సందర్భమున వరుని ఆశీర్వదిస్తూ చదివే పద్యములకు కూడ అదే పేరు. తెలుగు పెండ్లిళ్ళలో కవి మిత్రులు పంచరత్నములు వ్రాసి, అచ్చు వేయించి, పందిట్లో పంచేవారు గదా, అటువంటిదే ఇదియును. వరుని పేరు రావలెను, తండ్రి పేరు రావలెను, మేనమామలు అలుగకుండ వారి పేర్లును రావలెను. ఛందస్సు తప్పరాదు. వంటలు చల్లారకముందే ముగియవలెను. ఇందుకు ప్రతిఫలముగా కొందరు కొద్దిపాటి డబ్బు ఇచ్చేవారు, కొందరు ఒక చొక్కా గుడ్డ ఇచ్చేవారు, కొందరు భోజనమునకు పిలిచి ఊరకుండేవారు.

సెహ్రా పూర్తి కాగానే నాన్నగారు మొదట మాకే చదివి వినిపించేవారు. "ఎక్కడైన నాలుక తడబడినదా, బేటా?" అని అడిగేవారు. బాగున్నదా అని ఏనాడు అడుగలేదు. పాడేవాని నాలుకకు, వినేవాని చెవికి అడ్డము రాకుండుటయే వారికి ముఖ్యము.

మేము ఈ కళాశాలలోనే 1978 నుండి 1981 వరకు చదువుకొన్నాము. ఆ రోజులలో మాకు ఆధునిక కవిత్వమే ప్రపంచము. చివరి సంవత్సరము జరిగిన ముషాయిరాలో మేమును ఒక కవిత చదివినాము. చదివి దిగగానే, అతిథిగా వచ్చిన ఒక పెద్ద కవి, "ఆ సెహ్రాలు వ్రాసే ఆయన మీ తండ్రిగారేనా?" అని మమ్ములను అడిగినారు. ఆ ప్రశ్నలో ఎగతాళి ఉన్నదో లేదో ఈనాటికిని మాకు తెలియదు. చుట్టు మిత్రులు ఉన్నారు. "కాదండి, ఆయన వేరు, పేరు మాత్రము ఒకటే" అన్నాము.

నాన్నగారు మా వెనుక నిలబడి ఉన్నారు. మా కవిత వినుటకు కార్యాలయములో సెలవు పెట్టి వచ్చినారు. ఇంటికి నడచి పోవునప్పుడు దారి పొడుగునా మా కవితను గురించే మాటలాడినారు. కాని ఆ రాత్రి తరువాత సెహ్రాలను మాకు చదివి వినిపించుట మానినారు. మేమును అడుగలేదు. 1996లో వారు కన్నుమూసినారు. ఇల్లు మారునప్పుడు వారి పెట్టెలోని నోటు పుస్తకములు పాత వార్తాపత్రికలతో కలిసి రద్దీ బండికి పోయినవి. తక్కెడ దగ్గర నిలబడి తూకము చూసినది మేమే.

ఇక టోనీ హాచ్ సంగతి. కొన్ని సంవత్సరముల క్రితము ఒక ఆదివారము ఆబిడ్స్‌లో కాలిబాట మీది పాత పుస్తకముల నడుమ ఒక చిన్న గ్రామఫోను రికార్డు మా చేతికి వచ్చినది. నిమిషమునకు 45 చుట్లు తిరిగేది. మధ్యనున్న గుండ్రని కాగితము మీద గాయని పేరు పెద్ద అక్షరములలో ఉన్నది: పెటులా క్లార్క్. పాట పేరు డౌన్‌టౌన్. దాని క్రింద, బ్రాకెట్లలో, కనబడీ కనబడని అక్షరములలో ఇంకొక పేరు: హాచ్. ఇంగ్లీషు శాఖలోని మిత్రుని ఇంట దానిని వేసి విన్నాము. పాట బాగున్నది. కాని మా మనసు ఆ బ్రాకెట్ల లోపలి పేరు మీదనే ఆగిపోయినది. ఆ మనిషి ఎవరో తెలిసికొనవలెనని నాటి నుండి దొరికినదంతా చదివినాము.

హాచ్ 1939 జూన్ 30న మిడిల్‌సెక్స్‌లోని పిన్నర్‌లో జన్మించినాడు. చిన్నతనమున లండన్ క్వాయిర్ స్కూలులో సంగీతము నేర్చి, బడి విడువగానే పాటలు ప్రచురించే ఒక సంస్థలో చిన్న ఉద్యోగములో చేరినాడు. తప్పనిసరి సైనిక సేవ వచ్చినప్పుడు కోల్డ్‌స్ట్రీమ్ గార్డ్స్ వారి బ్యాండులో పనిచేసినాడు. 1960లో గ్యారీ మిల్స్ అనే గాయకుని కొరకు వ్రాసిన 'లుక్ ఫర్ ఎ స్టార్' ఆయనకు తొలి విజయము. ఒకే కాలములో నలుగురు వేర్వేరు కళాకారుల రికార్డులుగా ఆ పాట అమెరికా జాబితాలలోకి ఎక్కినది. అయితే ఆ పాట మీద హాచ్ పేరు లేదు, మార్క్ ఆంథొనీ అని ఉన్నది.

మూడేండ్ల తరువాత సర్చర్స్ అనే లివర్‌పూల్ బృందమునకు 'షుగర్ అండ్ స్పైస్' అనే పాట ఇచ్చినాడు. ఆ బృందపు రికార్డుల నిర్మాత ఆయనే. నిర్మాత పాటను కాదనలేక ఒప్పుకొన్నారన్న మాట రాకుండ, పాట తన బలము మీద తాను నిలబడవలెనని, ఫ్రెడ్ నైటింగేల్ అను కల్పిత నామముతో వారి ముందు పెట్టినాడు. అది 1963లో బ్రిటన్‌లో రెండవ స్థానమునకు చేరినది.

డౌన్‌టౌన్ పుట్టుక ఇంకను చిత్రమైనది. 1964లో హాచ్ పాటల వేటలో మొదటిసారి న్యూయార్కు పోయినాడు. సాయంకాలము నడచి టైమ్స్ స్క్వేర్ చేరినాడు. ఆ దీపముల వెలుగు, ఆ జనసందోహము చూసి, డౌన్‌టౌన్ అంటే ఇదే కాబోలుననుకొన్నాడు. నిజమునకు అది డౌన్‌టౌన్ కాదు. అక్కడివారు డౌన్‌టౌన్ అనేది నగరపు దక్షిణ భాగమును. మొదటిసారి హైదరాబాదు వచ్చినవాడు ఆబిడ్స్ దీపములు చూసి ఇదే పాతబస్తీ అని మురిసిపోయినట్లు! ఆ పొరపాటు నుండియే ఒక వరుస పుట్టినది.

తరువాత ఆయన పారిస్‌లో పెటులా క్లార్క్‌ను కలిసికొన్నాడు. అప్పటికి ఆమె ఫ్రెంచి పాటలతో పేరు పొందియున్నది. తాను తెచ్చిన పాటలు వినిపించగా ఆమెకు అవి రుచించలేదు. నీ స్వంతముది ఏదైన ఉన్నదా అని అడిగినది. సగము తయారైన ఈ వరుసను పియానో మీద వాయించినాడు. దీనికి మంచి మాటలు కుదిరితే పాడుతానని ఆమె అన్నది. 1964 అక్టోబరు 16న లండన్‌లోని 'పై' రికార్డుల సంస్థ స్టూడియోలో రికార్డింగు. వాద్యగాండ్రందరు వచ్చి కూర్చొనే వేళ వరకు హాచ్ ఆ మాటలు పూర్తి చేస్తూనే ఉన్నాడని ప్రసిద్ధి. బ్రిటన్‌లో ఆ పాట రెండవ స్థానమున ఆగినది, ఏలయన మొదటి స్థానమున బీటిల్స్ ఉన్నారు. అమెరికాలో 1965 జనవరిలో మొదటి స్థానమునకు చేరి, గ్రామీ బహుమతిని కూడ పొందినది.

ఈ కథ చదివినప్పుడు మాకు వెంటనే స్ఫురించినది మా జవాను పిలుపు. అక్కడ వాద్యగాండ్రు కూర్చొని ఉన్నారు, ఇక్కడ బాలికలు హార్మోనియము చుట్టు కూర్చొని ఉన్నారు. గడువు అక్కడను ఉన్నది, ఇక్కడను ఉన్నది. గడువు ఉన్నంత మాత్రమున పాట కృత్రిమము కాదని, గడువు లేనంత మాత్రమున ఉత్తమము కాదని మాకు మొదటిసారి తోచినది.

ఆ 1964వ సంవత్సరమే నవంబరులో బ్రిటిష్ టెలివిజనులో 'క్రాస్‌రోడ్స్' అను ధారావాహిక ప్రారంభమైనది. ఒక రోడ్డు ప్రక్కని విడిది గృహపు కథ. దాని ముఖగీతము హాచ్‌ది. ముఖగీతపు పని ఏమిటో విద్యార్థులు ఒకసారి ఆలోచింపవలెను. సినిమా పాటకు మూడు నాలుగు నిమిషముల వ్యవధి ఉన్నది. ముఖగీతమునకు ఒక నిమిషమైనను ఉండదు. వినేవాడు దాని కొరకు కూర్చొని ఉండడు. వంటింటిలో ఉన్న ఇల్లాలు చేతులు తుడుచుకొని రావలెను, వీధిలో ఆడుకొనే పిల్లవాడు పరుగెత్తుకొని రావలెను. మొదటి నాలుగు స్వరములలోనే ఇది ఫలానా కథ అని గుర్తు తెలియవలెను. ప్రతి దినము విన్నను విసుగు పుట్టరాదు. కథ మొదలు కాగానే మారుమాటలాడక తప్పుకొనవలెను.

మనలో ఆకాశవాణి ఉదయపు నాదమును ఎరుగనివారెవరు? కార్యక్రమములు ప్రారంభము కాక మునుపు వయొలిన్ మీద వినబడే ఆ వరుసను కట్టినవాడు, నాజీల కాలమున ఐరోపా నుండి బొంబాయికి వచ్చి ఆశ్రయము పొందిన వాల్టర్ కాఫ్‌మన్ అను యూదు సంగీతజ్ఞుడు. కోట్లాది జనులు దానితో నిద్ర లేచినారు. ఆయన పేరు ఎరిగినవారు ఎందరు? ముఖగీతమునకు దక్కే గౌరవము అంతే. అది అందరి ఇంటిది అవుతుంది, కట్టినవానిది కాకుండ పోతుంది.

హాచ్ ఇటువంటివి అనేకము కట్టినాడు. బి.బి.సి. వారి క్రీడా కార్యక్రమము 'స్పోర్ట్స్‌నైట్'కు ముఖగీతము ఆయనదే. యార్క్‌షైర్ పల్లె జీవితమును చూపే 'ఎమర్‌డేల్ ఫార్మ్' 1972 అక్టోబరు 16న మొదలైనది, డౌన్‌టౌన్ రికార్డయిన దినమునకు సరిగా 8 సంవత్సరములకు. ఆ ముఖగీతము అర్ధ శతాబ్దము దాటి, వాద్యములు మారుచున్నను, అదే వరుసగా నిలిచినది. ఆస్ట్రేలియాలో 1985 మార్చిలో 'నైబర్స్' ఆరంభమైనప్పుడు దాని సృష్టికర్త రెగ్ వాట్సన్ పాత పరిచయస్థుడైన హాచ్‌నే అడిగినాడు. వాట్సన్ అంతకు పూర్వము క్రాస్‌రోడ్స్ నిర్మాత. మాటలు వ్రాయుటలో హాచ్‌కు తోడు ఆయన భార్య జాకీ ట్రెంట్. పాడినవాడు బారీ క్రాకర్. ఇరుగుపొరుగువారు మంచిగా ఉండవలెనను చిన్న మాట మీద కట్టిన ఆ పాటను రెండు ఖండముల పిల్లలు కంఠస్థము చేసినారు.

జాకీ ట్రెంట్ తానును గాయని. ఒక టెలివిజను ధారావాహిక కొరకు వీరిద్దరు వ్రాయగా ఆమె పాడిన 'వేర్ ఆర్ యు నౌ' 1965 మే నెలలో బ్రిటన్‌లో మొదటి స్థానము పొందినది. అప్పటి వరకు అక్కడ ఉన్నది బీటిల్స్ పాట. తమాషా ఏమనగా, 1975లో ఆ బీటిల్స్‌లోని పాల్ మెకార్ట్‌నీ తన వింగ్స్ బృందముతో క్రాస్‌రోడ్స్ ముఖగీతమునే తన రికార్డులో చేర్చుకొన్నాడు. ఇల్లాండ్రు వంటింటి నుండి వినే ఆ చిన్న వరుసను చేర్చుకొనుటకు అంతటివాడు సిగ్గుపడలేదు.

ట్రెంట్ స్టాఫర్డ్‌షైర్ ప్రాంతపు ఆడపడుచు, కుండలు, పింగాణీ పాత్రలు చేసే పట్టణముల సీమ అది. 1972లో అక్కడి స్టోక్ సిటీ ఫుట్‌బాల్ జట్టు లీగ్ కప్పు తుది ఆటకు చేరినప్పుడు, దంపతులిద్దరు ఆ జట్టు కొరకు ఒక పాట వ్రాసి ఇచ్చినారు. జట్టు గెలిచినది. మరుసటి యేట ఆ సీమనే కథారంగముగా గల ఆర్నాల్డ్ బెన్నెట్ నవల 'ది కార్డ్'ను కీత్ వాటర్‌హౌస్, విల్లిస్ హాల్ అనువారు సంగీత నాటకముగా మలచగా, పాటలు వీరు కట్టినారు. జిమ్ డేల్ నాయకుడుగా అది లండన్‌లో ప్రదర్శింపబడినది. క్రీస్తు జననమును గురించిన 'రాక్ నేటివిటీ' అను సంగీత నాటకమునకు కూడ ఆ దశకముననే పాటలు కూర్చినారు.

నాటకపు పాట అన్నిటికంటె కఠినమైన ఉద్యోగము. అది వేదిక మీది పాత్ర నోటికి తగవలెను, కవి నోటికి కాదు. పాట ముగియునప్పటికి కథ ఒక అడుగు ముందుకు పోవలెను. దృశ్యము తీసివేసినచో ఎంత గొప్ప పాటయైనను దృశ్యముతో పాటు పోవలసినదే. సురభివారి నాటకములు చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. 'ది కార్డ్'కు డౌన్‌టౌన్‌కు వచ్చినంత కీర్తి రాలేదు. ఒకప్పుడు ప్రపంచమంతటిని పాడించిన మనిషి, ఆ తరువాత నాటకశాలలో కొన్ని వందల మంది కొరకు అంతే శ్రద్ధతో పని చేసినాడు, అది ముగియగానే ఇంకొక పనికి కూర్చొన్నాడు. ఆయనను పాటల రచయితల హాల్ ఆఫ్ ఫేమ్ అను అమెరికా సంస్థ 2013లో తన జాబితాలో చేర్చుకొన్నది. జాకీ ట్రెంట్ 2015లో మరణించినది.

ఇదంతా చదివిన మీదట మమ్ములను వదలక పట్టుకొన్నది ఆ ఫ్రెడ్ నైటింగేల్ అను పేరు. హాచ్ తన పేరును తానే దాచుకొన్నాడు, పాటకు న్యాయము జరుగవలెనని. మేము మా తండ్రి పేరును దాచినాము, మాకు చిన్నతనము కాకూడదని. రెండును దాచుటయే, కాని రెండింటికి ఎంత దూరమున్నదో ఇప్పుడు తెలియుచున్నది. గాలిబు వంటి మహాకవియే 1852లో ఢిల్లీ రాకుమారుని పెండ్లికి సెహ్రా వ్రాసినాడని ముషాయిరా నాటికే మాకు తెలియును. అది పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్నాము. ఇంటిలో వర్తింపజేసికొనలేదు.

రెండేండ్ల క్రితము మా పాత వీధిలో ఒక వృద్ధుని పరామర్శకు పోయినాము. గోడ మీద అద్దము బిగించిన చట్రములో వారి పెండ్లి సెహ్రా ఉన్నది. పచ్చని కాగితము వెలిసిపోయినది, చుట్టునున్న బంగారు రంగు పూలు మాసిపోయినవి. పద్యములలో వరుని పేరు, తండ్రి పేరు, ముగ్గురు మేనమామల పేర్లు ఉన్నవి. అన్నిటికిని అడుగున, చిన్న అక్షరములలో, మా నాన్నగారి పేరు. ఆ పెద్దాయనకు చూపు మందగించినది. అయినను ఆ సెహ్రాను మొదటి నుండి చివర వరకు మాకు అప్పగించినారు. ఎక్కడను నాలుక తడబడలేదు.

అనుమతి తీసికొని అక్కడే కూర్చొని దానిని వ్రాసికొన్నాము. నాన్నగారి సెహ్రాలలో మా వద్ద ఇప్పుడున్నది అది ఒక్కటే. పాత వీధులలో ఇంకెవరి ఇంటి గోడ మీదనైన ఉండునేమోనని అడుగుచున్నాము. విద్యార్థులలో ఎవరి తాతగారి పెండ్లి సెహ్రా అయినను భద్రముగా ఉన్నయెడల, అడుగున ఎవరి పేరున్నదో చూడవలసినదని, చూసి మాకు చెప్పవలసినదని కోరుచున్నాము. అది మా నాన్నగారిది కాకున్నను ఆ పేరు చదువవలసినదే.

కళాశాల సంఘమువారికి ఒక చిన్న విన్నపము. వార్షికోత్సవ కార్యక్రమ పత్రములో అధ్యక్షుల పేరు, అతిథుల పేర్లు, దాతల పేర్లు వేయుచున్నారు, అది ఉచితమే. ఇక మీద స్వాగత గీతము వ్రాసిన విద్యార్థి పేరు, వరుస కట్టిన విద్యార్థిని పేరు కూడ పాట క్రింద వేయవలసినదిగా ప్రార్థన. చిన్న అక్షరములైనను చాలును. బ్రాకెట్లలోనైనను ఫరవాలేదు.

మేము పదవీ విరమణ చేసినాము. అయినను ఈ సంవత్సరపు గీతమునకు ఇంకను ఎవరును దొరకలేదని విన్నాము. ముఖ్య అతిథి పేరు తెలిసిన వెంటనే జవానును మా ఇంటికి పంపవచ్చును. పేరు దీర్ఘమైనదైనను సరే, ఇముడ్చగలము.